ఆరో ఫారం

నేను దిద్ది, పేజీలు కట్టి, అట్ట మీద బొమ్మ గీసిన పుస్తకంలోంచి నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పదహారు పేజీలు తీసేశారు. ఆ పదహారు పేజీల్లో మా అమ్మ పేరు ఉంది. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆవిడ ఏడాదిపాటు ఎదురుచూసింది. చూడలేదు.

తీసినవాళ్ళు పరాయివాళ్ళు కాదు. మా గుడి కమిటీవాళ్ళు, మా వైపు చర్చిని గుడి అనే అంటాం. మా పేటలో పుట్టి, మా అమ్మ చేతి కూడు తిని, చదువుకుని పైకొచ్చినవాళ్ళు. పరాయివాళ్ళు ఆ పని చేసుంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇంతకాలం కడుపులో పెట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

ఇది ఎనభైల నాటి మాట. ఇప్పుడెందుకు రాస్తున్నావు అని అడిగేవాళ్ళుంటారు. అప్పుడూ రాశాను. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. చదవాల్సినవాళ్ళు చదవలేదు గనక ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. మా వైపు ఆ రోజుల్లో నా పనికి ఒక పేరంటూ లేదు. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే పుస్తకాలు బాగుచేస్తుంటానని చెప్పేవాణ్ణి. పర్చూరు బస్సులో పక్క సీటు రైతు ఒకాయన ఆ జవాబు విని నన్ను కింద నుంచి మీద దాకా చూశాడు.

"బాగుచేయడం అంటే? చినిగిపోయినవి కుడతావా?"

"కాదండీ. ఇంకా అచ్చు కానివి."

"కానివాటికి రిపేరేంటయ్యా?" అని కాసేపు ఆలోచించి, "పొలం లేదా నీకు?" అన్నాడు జాలిగా.

లేదు. మా వంశంలో ఎవరికీ లేదు. మా అమ్మ ఊళ్ళోవాళ్ళ చేలల్లో మిరపకాయ కోసింది, పత్తి తీసింది, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర ఆకు కర్రలకు కట్టింది. నా చదువు నాలుగో తరగతితో సరి. తర్వాత ఒక అచ్చాఫీసులో పడ్డాను. నా బడి అదే. అచ్చు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. చేతిలోని ఇనప స్టిక్కులో వాటిని పేరుస్తుంటే వరసంతా తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు గడగడా చదవడం నేను అలా, తలకిందులుగానే నేర్చుకున్నాను. పెళ్ళి పత్రికలు, దినాల కార్డులు, ఎన్నికల కరపత్రాలు, గుళ్ళో పాడే పాటల పుస్తకాలు పేర్చి పేర్చి, వాక్యం ఎక్కడ కుంటుతుందో వేళ్ళకే తెలిసిపోయే స్థితికి వచ్చాను. నాకు మాస్టారంటూ ఒకడుంటే, ఇది నీ పని కాదురా అని మొదట్లోనే ఆపి ఉండేవాడు. ఆ మాట చెప్పేవాడు లేకే ఇంత దూరం వచ్చాను.

ఆ అచ్చాఫీసు మూతపడితే గుంటూరు వెళ్ళాను. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళకు గుర్తులు వేసే పని దొరికింది. రేకులో అక్షరాలు కత్తిరించి, ఆ రేకు బేలుకి ఆనించి నల్లరంగు అద్దాలి. చుట్టూ తగినంత ఖాళీ వదలకపోతే ఎంత పెద్ద అక్షరమైనా దూరానికి కనపడదని అక్కడ తెలిసింది. ఆ తర్వాత మిరప విత్తనాల సంచులకు బొమ్మలు గీశాను. ఒక షాపాయనకు మిరపకాయ గీసి తీసుకెళ్తే మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, ఇంత వంకరగా ఉంది?"

"మిరపకాయ వంకరగానే ఉంటదండీ."

"చేలో ఉండనీ. నా సంచి మీద మాత్రం తిన్నగా ఉండాలి."

తిన్నగా, నిగనిగలాడేట్టు గీసిచ్చాను. అలాంటి కాయ గుంటూరు చుట్టుపక్కల ఏ చెట్టుకీ కాయలేదు. అయినా పుట్టినప్పటి నుంచీ మిరప చేలల్లో తిరిగిన రైతులు ఆ బొమ్మ చూసి ఆ సంచే కావాలన్నారు. అచ్చుకి ఎంత బలముందో నాకు తెలిసింది అప్పుడే. చేతిలో ఉన్న కాయకన్నా సంచి మీది కాయనే జనం నమ్ముతారు.

పుస్తకాల పనిలోకి నన్ను దించింది కనిగిరి పంతులుగారు ఒకాయన. రిటైరై, తన జీవితమంతా నాలుగు నోటు పుస్తకాల్లో రాసుకుని, అచ్చుతప్పులు చూసిపెట్టమని నాకిచ్చాడు. చదివి, తప్పుల సంగతి తర్వాత, ఒకే కథ మూడు చోట్ల చెప్పారండీ అన్నాను. కోపమొచ్చి నోటు పుస్తకాలు లాక్కుని వెళ్ళిపోయాడు. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు.

"నువ్వెంత చదివావు?"

"నాలుగండీ."

"నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నాకు కనపడని తప్పు నీకెట్టా కనపడిందయ్యా?"

"పిల్లలకి చెప్పిందే మూడుసార్లు చెప్పడం మీకు అలవాటు గదండీ. పుస్తకానికి ఒకసారి చెబితే చాలు."

పంతులుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పుస్తకం నేనే దిద్దాను, పేజీలు నేనే కట్టాను, కనిగిరి కొండని అట్ట మీద నేనే గీశాను. దాన్ని చూసి ఇంకొకరు వచ్చారు, వాళ్ళని చూసి మరొకరు. కృష్ణ ఇవతల తాడేపల్లిలో ఒక గది తీసుకుని, అవతల బెజవాడ ప్రెస్సులకు తిరుగుతూ ఉండేవాణ్ణి. సంచిలో స్టీలు స్కేలు, ఎర్ర పెన్సిలు, ప్రూఫులు. ఏ పుస్తకంలోనూ నా పేరుండేది కాదు. అది నాకు పట్టలేదు. నిజంగానే పట్టలేదు. నాకు పట్టింది వేరే పేరు.

మా గుడి కట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, స్వర్ణోత్సవానికి పుస్తకం వేయాలని కమిటీ అనుకుంది. కమిటీ కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు. ఆయనా మా పేటలోనే పుట్టాడు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మాస్టారూ అనేవాణ్ణి. కబురు చేస్తే వెళ్ళాను.

"మనవాడివి నువ్వుండగా బయటివాళ్ళకి ఎందుకురా ఇవ్వడం? ఇదిగో, రాతప్రతి" అని ఒక కట్ట చేతిలో పెట్టాడు.

కూర్చుని అక్కడే తిరగేశాను. స్థలం ఇప్పించిన మిషనరీ దొరగారి జీవితం, ఒకరి తర్వాత ఒకరుగా వచ్చిన పాస్టరు అయ్యగార్లు, బల్లలు ఇచ్చినవాళ్ళు, గోడ గడియారం ఇచ్చిన డాక్టరుగారు, వాళ్ళ ఫొటోలు.

"ఇందులో గుడి కట్టినవాళ్ళు లేరేంటి మాస్టారూ?"

"నాలుగో పేజీ చూడరా. దొరగారున్నారు గదా."

"దొరగారు స్థలం ఇప్పించారు. ఇసక మోసిందెవరు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, నీకు తోచింది రాయి" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఏడాది పనిచేశాను.

ఇసక సంగతి మా పేటలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఆ గుడి కట్టేటప్పుడు ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి వాగు దాకా నడిచి, తలా ఒక గంప ఇసక తెచ్చి స్థలంలో పోసి, అప్పుడు కూలికి వెళ్ళేవాళ్ళు. అలా మోయని రోజు లేదు. వంటకి బియ్యం కొలుచుకున్న ప్రతిసారీ ఒక గుప్పెడు వెనక్కి తీసి కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ గుప్పెళ్ళన్నీ గుడికి చేరేవి. మేస్త్రీలకు అన్నం పెట్టింది ఆ బియ్యమే. గుప్పెడు బియ్యం ఇప్పటికీ మా సంఘాల్లో తీస్తారు. ఇసక సంగతే ఎక్కడా రాసిలేదు. మోసినవాళ్ళకి రాత రాదు, రాత వచ్చినవాళ్ళు మోయలేదు.

ఆ ఆడవాళ్ళలో బతికున్నవాళ్ళు అప్పటికి ముసలమ్మలు. కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీస్తూ దొరికేవాళ్ళు. ఆ ఘాటుకి నాకు దగ్గూ తుమ్ములూ కళ్ళమ్మట నీళ్ళూ. వాళ్ళకి ఏమీ లేదు.

"ఏరా, మా కష్టాలు వినకముందే ఏడుస్తన్నావే?" అంది ఒకావిడ. అందరూ పకపకా నవ్వారు.

"ఎవరెవరు మోశారో పేర్లు చెప్పండి పెద్దమ్మా, రాసుకుంటాను."

"నా పేరు ముందు రాయి. దీని పేరు ఆఖర్న రాయి. ఇది సగం గంపే తెచ్చేది."

"ఓసి నీ దుంపతెగ! నేను కడుపుతో ఉన్నానే అప్పుడు. సగం గంపా, నిండు కడుపూ. రెండూ కలిపి రాయరా అబ్బాయ్!"

రాశాను. నలభై ఒక్క పేర్లు దొరికాయి. పోయినవాళ్ళ పేర్లు ఉన్నవాళ్ళు చెప్పారు. ఎవరు ఎవరి చేలో చేసేవాళ్ళు, వాగు దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్ళు, ఎవరి కాలికి ముల్లు దిగితే ఎవరు రెండు గంపలు మోశారు, అన్నీ రాశాను. ఆ పేర్లు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట ఒకసారి రాశాను.

అందులో మా అమ్మ ఉంది. పెళ్ళై ఆ పేటకి వచ్చిన నెలకే గంప ఎత్తిందట. ఆవిడకి చదువు రాదు. బతుకంతా కాగితాల మీద వేలిముద్రే. నేను ఎన్ని పుస్తకాలు చేసినా ఏనాడూ తెరిచి చూపించమనలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం తొడిమలు తీస్తున్న చెయ్యి ఆపింది.

"నా పేరేస్తారా? గుడి పుస్తకంలో?"

"నీదీ, నీతో మోసినోళ్ళందరిదీ."

"ఎప్పటికొస్తది?"

"ఏడాది పడుద్దమ్మా."

ఆ ఏడాదిలో నేను ఊరికి ఎప్పుడు వచ్చినా మొదటి ప్రశ్న అదే. "ఎందాకా వచ్చిందిరా?"

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. పుస్తకం పేజీ పేజీగా అచ్చు కాదు. ఒక పెద్ద కాగితం మీద కొన్ని పేజీలు కలిపి వేసి, మడిస్తే పదహారు పేజీలవుతాయి. దాన్ని ఫారం అంటాం. ఫారాల్ని వరసగా పేర్చి కుడితే పుస్తకం. ఈ ఆడవాళ్ళ అధ్యాయం మిగతా పుస్తకంలా ఉండకూడదని నా పట్టుదల. వాళ్ళ పిల్లలు చదివి వినిపించేటప్పుడు ముసలికళ్ళకి కూడా అక్షరం ఆనాలని పెద్ద అక్షరాలు ఎంచాను. తెల్లటి మంచి కాగితం అడిగి ఒప్పించాను. కాగితం మారాలంటే ఆ అధ్యాయం విడిగా ఒక ఫారంలో ఉండాలి. అందుకని ఒక చోట పేరా పెంచి, ఒక చోట కుదించి, సరిగ్గా ఆరో ఫారంలో పట్టించాను. ఎనభై ఒకటో పేజీలో మొదలు, తొంభై ఆరులో ఆఖరు. ముందు పేజీలోంచి ఒక్క వాక్యం లోపలికి రాదు, లోపలి వాక్యం ఒక్కటి బయటికి పోదు. ప్రెస్సు ఫోర్‌మన్ చూసి, "గుండు సూది దూరదు గురువుగారూ" అన్నాడు. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయాను. నా పనితనమంతా అందులో పెట్టాను.

ఆఖరి ప్రూఫులు దిద్ది ప్రెస్సుకి అప్పజెప్పాను. అక్కడితో నా పని అయిపోయినట్టే. కుట్టిన పుస్తకాలు కమిటీవాళ్ళే జీపులో తెచ్చుకున్నారు. నేను నేరుగా స్వర్ణోత్సవానికి వెళ్ళాను.

మా అమ్మ తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు మొదటి వరస చాప మీద కూర్చుంది. వెనకాల కల్లంలో నాకు పేర్లు చెప్పిన ముసలమ్మలందరూ ఉన్నారు. కలెక్టరుగారు రిబ్బను విప్పారు. చప్పట్లు. నా చేతికి ఒక పుస్తకం వచ్చింది. తెరవగానే ఎనభయ్యో పేజీ, దాని ఎదురుగా తొంభై ఏడు.

బైండరు పొరపాటున ఒక ఫారం వదిలేశాడనుకున్నాను. అలా జరుగుతుంది. పక్కాయన చేతిలోది తీసుకుని చూశాను. ఎనభై, తొంభై ఏడు. బల్ల మీది దొంతరలోంచి నాలుగు తీసి చూశాను. అన్నీ అంతే. అప్పుడు మొదట్లో ఉన్న విషయసూచిక చూశాను. అందులో ఆ అధ్యాయం పేరే లేదు. మొదటి ఫారాన్ని ఆఖర్న అచ్చువేయడం మా పనిలో పద్ధతి. విషయసూచిక అందులోనే ఉంటుంది. అంటే ఆఖర్న ఎవరో కూర్చుని, ఆలోచించి, మార్పించారు. మిగతా ఫారాలు అప్పటికే అచ్చయిపోయాయి కాబట్టి పేజీల అంకెలు మాత్రం మార్చలేకపోయారు.

బయట పందిట్లో భోజనాలకి కూర్చోబోతుంటే అమ్మ పుస్తకం గుండెకి ఆనించుకుని వచ్చింది. పెద్దలందరికీ తలా ఒకటి పంచారు. వెంట నలుగురు ముసలమ్మలు.

"ఏదీ, చూపించరా."

వాళ్ళందరి ముందు, ఆ మొహం చూస్తూ, లేదని చెప్పలేకపోయాను. చేతికందిన పేజీ తెరిచి, ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఒక పేరు మీద పెట్టాను.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇంతేనా? చీమంత లేదు." నవ్వి, ఆ పేరుని వేలితో తడిమి, ఆ వేలు కళ్ళకద్దుకుంది. చీర అంచులోంచి ఒక పోగు తెంపి గుర్తుగా ఆ పేజీలో పెట్టుకుంది. మిగతావాళ్ళు మాదేది మాదేది అని అడుగుతుంటే, భోజనాలయ్యాక చూపిస్తానని చెప్పి, భోజనం చేయకుండానే బస్సెక్కాను. నా వయసప్పుడు నలభై దాటింది. చిన్నపిల్లాడిలా పారిపోయాను.

పదిహేను రోజులకి మళ్ళీ ఊరెళ్ళాను. జరిగింది దారిలోనే ఒకావిడ చెప్పింది. అమ్మ ఆ పుస్తకం కల్లానికి తీసుకెళ్ళి, ఏడో తరగతి చదివిన ఒక కొత్త కోడలి చేత చదివించుకుంది. ఆ పిల్ల చదివి, "ఇది నీ పేరు కాదు అమ్మమ్మా, గోడ గడియారం ఇచ్చిన డాక్టరుగారి పేరు" అంది. కల్లమంతా గొల్లున నవ్వింది. "అయితే గడియారం నువ్విచ్చావటే? మాకు చెప్పనేలేదే!" అని ఏడిపించారట. అప్పటినుంచీ ఆవిణ్ణి గడియారం పెద్దమ్మ అంటున్నారు.

ఇంట్లోకి వెళ్ళాను. అమ్మ నన్ను తిట్టలేదు. అన్నం పెట్టింది. తినేదాకా ఆగి అప్పుడు మాట్లాడింది.

"ఒరే, నాకు చదువు రాదని ఎవరెవరో నా వేలు పట్టుకుని ఎక్కడెక్కడో పెట్టించారు. నువ్వు గూడా పెట్టించావా?"

 

అక్కణ్ణుంచి లేచి మాస్టారింటికి వెళ్ళాను.

"ఆరో ఫారం ఏది మాస్టారూ?"

"రారా, కూర్చో. టీ తాగుతావా?"

"ఆరో ఫారం ఏదండీ?"

ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "మా అమ్మ గురించి ఏం రాశావో గుర్తుందా నీకు? కామందు గొడ్లచావిట్లో పేడెత్తి, చేతులు కడుక్కుని ఇసక గంప ఎత్తిందని రాశావు."

"ఆవిడ చేసింది అదే గదండీ. మీరే నాకు చెప్పారు."

"నీకు చెప్పాను. కలెక్టరుకి చెప్పానా? నా కోడళ్ళకి చెప్పానా? కమిటీలో ఎవరిని అడిగినా అదే మాట. ఒకాయన నాయనమ్మ పాకీ పనిచేసిందని రాశావు. ఆయన బ్యాంకులో ఆఫీసరు. ఇంకొకాయన అమ్మ అడుక్కున్న గింజల్లోంచి గుప్పెడు తీసిందని రాశావు."

"పేడెత్తడం తప్పా మాస్టారూ?"

"ఎత్తడం తప్పు కాదురా. అచ్చెయ్యడం తప్పు."

"మీ అమ్మ సంగతి ఒక్కటి తీసేయమంటే తీసేసేవాణ్ణి. నలభై ఒక్క మందిని తీసేస్తారా?"

"ఒక్కటి తియ్యాలంటే పేజీ మళ్ళీ వెయ్యాలన్నాడు ప్రెస్సాయన. ఇదంతా ఒక్క ఫారంలోనే ఉంది, ఫారం మొత్తం తీసేస్తే మిగతా పుస్తకానికి ఏ దెబ్బా తగలదన్నాడు. నువ్వే అంత నీటుగా కట్టావంట. చాలా మెచ్చుకున్నాడు నిన్ను."

నేను ఆ అధ్యాయాన్ని నాలుగు చోట్ల కలిపి రాసుంటే, మామూలు కాగితం మీద మామూలు అక్షరాల్లో వేసుంటే, వాళ్ళు తీయలేకపోయేవాళ్ళు. గౌరవంగా విడిగా కూర్చోబెట్టాను. విడిగా ఉన్నారు గనక లేపి పంపించారు.

అచ్చయిన కాగితాలైనా తెచ్చి అమ్మకి చూపిద్దామని బెజవాడ పరిగెత్తాను. పేర్చిన సీసపు అక్షరాల్ని ఎప్పుడో విడదీసి గళ్ళల్లో వేసేశారు. నేను దిద్దిన ప్రూఫులు చిత్తుకాగితాల్లో పోయాయి. ఆరో ఫారం ఏమైందంటే ఫోర్‌మన్ బైండరు వైపు చూశాడు. బైండరు తల గోక్కున్నాడు.

"మందపు అట్ట దొరకలేదండీ ఆ వారం. పల్చటి అట్టలకి ఆ కాగితాలే మైదా జిగురుతో అంటించి మందం చేశాను. మీ పుస్తకాలకే వాడానండీ, బయటివాటికి వాడలేదు" అన్నాడు. మేలు చేశాననే అనుకున్నాడు పాపం.

నా దగ్గర మూడు ప్రతులున్నాయి. తాడేపల్లి గదిలో మధ్యాహ్నం పూట బేసినులో నీళ్ళు పోసి వాటి అట్టలు నానబెట్టాను. నేను గీసిన గుడి బొమ్మ ముందు ఊడి వచ్చింది. దాని కింద జిగురు పొరల్లో నా పెద్ద అక్షరాలు కనిపించాయి. లాగితే చిరిగిపోతున్నాయి. ఒకావిడ పేరులో సగం. కడుపుతో ఉన్నావిడ వాక్యంలో నాలుగు మాటలు. వాగు గురించిన ముక్క. మా అమ్మ పేరు తొంభై ఒకటో పేజీలో ఉండాలి. ఆ పేజీ మూడింటిలోనూ రాలేదు. నాలుగో ప్రతి అమ్మ దగ్గరుంది. అది నానబెడతానని అడగడానికి నాకు నోరు రాలేదు.

చేతిరాత నోటు పుస్తకం ఉంది గదా, ఆ పదహారు పేజీలు నేనే మళ్ళీ పేర్చి నా ఖర్చుతో వేస్తానని అమ్మతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వేస్తే, కొడుకు గనక ఏశాడంటారు. ఏసిందంతా నువ్వు రాసుకున్నదే అంటారు. ఇసక మోసింది నీకా? గుడికి. గుడే ఎయ్యాలి."

ఆవిడ మాటలో న్యాయముంది. అప్పుడే కమిటీకి మొదటి ఉత్తరం రాశాను. మిగిలిపోయిన ప్రతులు గుడి బీరువాలో ఉన్నాయి, ఆరో ఫారం నేను ఊరికే అచ్చువేయించి తెస్తాను, ప్రతులు విప్పి మళ్ళీ కుట్టించే పని కూడా నాదే, మీరు సరేనంటే చాలు అని. జవాబు లేదు. మళ్ళీ రాశాను. పేడ మాటా, పాకీ మాటా తీసేస్తాను, వట్టి పేర్లయినా ఉండనివ్వండి అన్నాను. అలా దిగజారి రాసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. దానికీ జవాబు లేదు. ఎదురుపడితే మాస్టారు వందనాలని చెయ్యెత్తి పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఆ ఏళ్ళలోనే తెల్లదోమ పత్తిని మింగింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో పురుగుమందు తాగి రైతులు పోయారు. నేను బొమ్మలేసిన విత్తనాల సంచులు అమ్మిన షాపుల్లోంచే ఆ మందు డబ్బాలు ఇళ్ళకి వెళ్ళాయి. కూలీలకి పని లేదు. అలాంటప్పుడు పదహారు పేజీల గురించి ఎవరితో మొరపెట్టుకోను? "పోనీలేరా, పుస్తకమే గదా" అనేవాళ్ళు మంచివాళ్ళు కూడా. నా పని కూడా అప్పుడే పల్చబడింది. బెజవాడలో ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చాయి. నేను పనిచేసిన ప్రెస్సులవాళ్ళు సీసపు అక్షరాల్ని కరిగించడానికి అమ్మేశారు. కొత్త మిషన్ల దగ్గర కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు, ఏం చదివారండీ అని అడిగేవాళ్ళు. నాలుగు అంటే, కూర్చోండి పిలుస్తాం అనేవాళ్ళు. పిలవలేదు.

అమ్మ చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేవలేదు. కల్లంలో పనిచేసిన ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు అప్పటికే పోయారు. పుస్తకం తలగడ కింద ఉండేది. చీర పోగు ఆ పేజీలోనే ఉంది, తీయలేదు. ఒకరోజు పొద్దున్నే, నేను గంజి పట్టిస్తుంటే, "గుడోళ్ళ దగ్గర్నించి జాబొచ్చిందా?" అంది. వస్తుందమ్మా అన్నాను. మరో అబద్ధం. ఆవిడకి తెలుసు. తల తిప్పుకుంది. ఆ వారమే పోయింది. ఆవిడ ఇసక మోసిన గుళ్ళోనే ప్రార్థన చేశారు. మాస్టారు లేచి నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఇసక మాట చెప్పలేదు.

మట్టి చేసి వచ్చిన నెలలో ఇంకొక ఉత్తరం రాశాను. అదే ఆఖరిది. అందులో అడగడానికి ఏమీ మిగల్లేదు. ఎనభయ్యో పేజీ తర్వాత తొంభై ఏడు ఎందుకు వచ్చిందో, ఆ ఒక్క సంగతి కమిటీ నాకు రాతమూలకంగా చెప్పాలని మాత్రం రాశాను. దానికి జవాబు వచ్చింది. గుడి ముద్ర వేసి, మాస్టారు సంతకంతో. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"ప్రభువునందు ప్రియ సహోదరునికి వందనములు. తాము వ్రాసిన ఉత్తరములన్నియు కమిటీ ఎదుట ఉంచబడినవి. స్వర్ణోత్సవ గ్రంథములో ఎనభయ్యవ పేజీ పిమ్మట తొంభై ఏడవ పేజీ వచ్చుట వాస్తవమే. పేజీలకు అంకెలు వేసినది తామే గనుక, ఇది తమ వలన జరిగిన పొరపాటుగా కమిటీ ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. అయినను తాము మన సంఘ బిడ్డ అగుటచేతను, తమ తల్లిగారు ఇటీవల ప్రభువునందు నిద్రించినందుచేతను, కమిటీ ఈ పొరపాటును ప్రేమతో క్షమించినది. ఈ విషయమై తాము ఇక ఉత్తరములు వ్రాయనక్కరలేదు."